తోక ముందా, తల ముందా

ఆర్చరీ హాలు, సామాన్ల గది
మార్చి 4

మరదలమ్మాయ్,

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకుని కంగారుపడకు. అందరం నిక్షేపంలా ఉన్నాం. ఫోన్ చేస్తే మీ అన్నయ్య పేపరు చదువుతున్నట్టు నటిస్తూ చెవులు ఇటు పడేస్తాడు, అందుకని కాగితం పట్టాను. జవాబు కూడా ఇంటికి కాదు, హాలు చిరునామాకే రాయి.

మెట్ల మీద పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాక ఎనిమిది నెలలు విల్లు ముట్టలేదని నీకు తెలుసు. ఇప్పుడు ముట్టుకున్నాను. ముప్పై ఏళ్లు నలభై పౌన్ల విల్లు లాగిన చేతికి డాక్టరమ్మ ఇరవై ఎనిమిది పౌన్లే రాసిచ్చింది, పూటకో మాత్ర అని రాసినట్టు. సరే, అదే లాగుతున్నాను. కానీ నా చెక్క బాణాలు ఈ కొత్త విల్లు మాట వినడం లేదు. అన్నీ ఎడమకే పోతున్నాయి. విల్లు మెత్తబడింది, బాణాలేమో పాత గట్టివే. ఈ విల్లుకి సరిపడే మెత్తని చెక్క కడ్డీలు డజను తెప్పిస్తే అందులో నాలుగు వంకర, రెండు పగులు.

ఇంతకీ అసలు గొడవ వేరే ఉంది. శిక్షకుల పట్టా మూడేళ్లకోసారి కొత్తది చేయించుకోవాలి. పాతిక మీటర్ల నుంచి అరవై బాణాలు వేసి, ఆరువందలకి నాలుగువందల ఇరవై తెచ్చుకోవాలి. రెండే అవకాశాలు. ఏప్రిల్లో ఒకటి, ఆగస్టులో ఒకటి. రెండూ పోతే హాల్లోంచి నేనూ పోతాను, బాణాలు నేర్పడానికి నాకిచ్చిన వరుసా పోతుంది. పక్క వరుసలో కాంపౌండ్ విల్లు, అదే చక్రాలుండే పుల్లీల విల్లు, నేర్పే పెద్దమనిషి ఇప్పటికే టేపు తెచ్చి మా వరుస వెడల్పు కొలుచుకున్నాడు. నేను చూస్తుండగానే! "ఊరికే చూస్తున్నానమ్మా" అన్నాడు. నా దగ్గర నేర్చుకునే పదకొండు మంది ఆడవాళ్లూ నా మొహం వంక చూశారు. ఆ చూపు నాకు నిద్రలో కూడా కనిపిస్తోంది.

అందుకని, ఒళ్లు మండుతున్నా అడుగుతున్నాను. మీ క్లబ్బు వాళ్లందరికీ ఆదివారాలు కార్బన్ బాణాలు తయారుచేసిపెట్టేది నువ్వేనట కదా. ఆ నల్ల గొట్టాల్లో నాకేవి పనికొస్తాయో చెప్పు. ముందు భాగంలో ఏదో లోహపు ముక్క దూరుస్తారట, దానికే ములికి బిగిస్తారట. దుకాణంవాడు ఐదు రకాలు చూపించి "మీకేది కావాలి?" అన్నాడు. నాకేం తెలుసు, నా పిండాకూడు!

నీ వదిన

*

పళ్ల ల్యాబు, కిటికీ పక్క బల్ల
మార్చి 11

వదినా,

మొత్తానికి కార్బన్ గడప తొక్కావు. పోయినేడు నేను నల్ల బాణం చూపిస్తే "గొడుగు ఊచలా ఉంది, తీసుకెళ్లు" అన్నది ఎవరో నాకు గుర్తులేదులే.

ఇక్కడ మధ్యాహ్నం భోజనం వేళ రాస్తున్నాను. బల్ల మీద ఎవరివో ఆరు కట్టుడు పళ్లు ఆరుతున్నాయి, అవి పక్కకి జరిపి నీ బాణాల సంగతి చూస్తున్నాను. పెద్దగా తేడా ఏం లేదు. రెండిట్లోనూ గుల్లలోకి లోహం దిగాలి, కదలకుండా నిలబడాలి.

దుకాణంవాడు చూపించిన ముక్కని ఇన్సర్ట్ అంటారు. గొట్టం బోలు కాబట్టి ములికిని నేరుగా బిగించలేం, దానికి మరలు కావాలి. ఆ మరలున్న చిన్న గొట్టమే ఇన్సర్ట్. అది ఎంత బరువుండాలనేదే అసలు ప్రశ్న. అల్యూమినియంది తేలిక, పన్నెండు గ్రెయిన్లు. గ్రాముకి పదిహేను గ్రెయిన్లనుకో. ఇత్తడివి యాభై, డెబ్భై అయిదు ఉంటాయి. ముందు బరువు పెరిగేకొద్దీ, తాడు వెనక నుంచి తోసినప్పుడు గొట్టం ఎక్కువ వంగుతుంది. అంటే గట్టి బాణం మెత్తని బాణంలా ప్రవర్తిస్తుంది. నీకు కావలసింది అదే. అలాగని మరీ బరువు పెడితే దారిలోనే తల వాల్చేస్తుంది.

ఈ పార్సిల్లో మూడు బాణాలున్నాయి. మూడింటికీ ఈకలు అతికించలేదు, మరిచిపోయి కాదు. ఈక బాణం తప్పుని సర్దేస్తుంది, మంచి కోడలు అత్తగారింటి గుట్టు దాచినట్టు. ఈకల్లేకపోతే గుట్టంతా బయటపడుతుంది. ఎర్ర దారం కట్టినదానికి అల్యూమినియం, తెల్ల దారానికి యాభై, నల్ల దారానికి డెబ్భై అయిదు. పన్నెండు మీటర్ల నుంచి వెయ్యి. ఎడమకి పోతే ఇంకా గట్టిగా ఉన్నట్టు, కుడికి పోతే మరీ మెత్తబడినట్టు. ఒక్కోటి పదిసార్లు వేసి రాయి. రెండుసార్లు వేసి "నాకు అర్థమైపోయింది" అనకు, నీ సంగతి నాకు తెలుసు.

భుజం ఎలా ఉంది? అది రాయలేదేం?

నీ మరదలు

*

ఆర్చరీ హాలు, సామాన్ల గది
మార్చి 19

అమ్మాయ్,

పదిసార్లు కాదు, పన్నెండుసార్లు వేశాను. ఎర్ర దారం ఎడమకి మూరెడు దూరం పోయింది. నల్ల దారం కుడికి జానెడు పోయి, కిందికి కూడా దిగింది. తెల్ల దారం మాత్రం చెప్పినచోటికి వెళ్లింది. బుద్ధిమంతురాలు. ఒకటి రెండుసార్లు బెత్తెడు అటూ ఇటూ అయిందంటే అది నా చెయ్యి, దాని తప్పు కాదు.

నిజం చెప్పనా? ఆ తెల్ల దారం బాణం వదిలినప్పుడు చప్పుడే రాలేదు. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి, నేను విల్లు పట్టుకున్నాననిపించింది. నా దగ్గర నేర్చుకునే బేకరీ ఆవిడ నా వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. నేను కసిరాను, కానీ లోపల పొంగిపోయాను.

కాబట్టి యాభై గ్రెయిన్ల ఇత్తడి ఖాయం. గొట్టాలు, ఇన్సర్టులు, జిగురు విడివిడిగా పంపు. తయారుచేసేది నేనే. మీ నాన్నగారు నన్ను కోడలిగా తెచ్చుకున్న మూడో నాడే బల్ల ముందు కూర్చోబెట్టి బాణం కట్టడం నేర్పారు. మామగారు పోయినా ఆ బల్ల నాదే. నా బాణానికి ఇంకొకరి చెయ్యి తగలనివ్వను. నువ్వు కూడా ఇంకొకరివే, ఈ విషయంలో.

భుజం బాగానే ఉంది.

వదిన

*

పళ్ల ల్యాబు, కిటికీ పక్క బల్ల
మార్చి 26

వదినా,

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాళ్లతో వాదించి గెలిచినవాళ్లు లేరు. అన్నీ విడివిడిగానే పంపుతున్నాను. గొట్టాలు నీ కొలతకి కోసేశాను.

జాగ్రత్తగా చదువు. గొట్టం లోపల నల్లపొడి ఉంటుంది, స్పిరిట్లో ముంచిన దూది పుల్లతో తుడు, పుల్ల తెల్లగా వచ్చేదాకా. ఇత్తడి ముక్కని ఉప్పు కాగితంతో గరుకు చెయ్యి, దాన్నీ స్పిరిట్‌తో తుడు, ఆ తర్వాత వేలితో ముట్టుకోకు. వేలి జిడ్డు చాలు జిగురుని చెడగొట్టడానికి. రెండు ట్యూబుల జిగురు సమానంగా కలిపి, గొట్టం లోపలి అంచుకి కొంచెం, ఇన్సర్టుకి కొంచెం పూసి, తిప్పుతూ తిప్పుతూ నెట్టు. అంచు దాకా ఆనాలి. కారినది తుడిచి, తల కిందికి ఉండేలా ఒక రోజంతా నిలబెట్టు. ఆరాక అరచేతిలో బొంగరంలా తిప్పి చూడు, మొన ఊగకూడదు.

పరీక్ష కాగానే రాయి. నాలుగువందల ఇరవై కాదు, నాలుగువందల యాభై కొడతావు చూడు.

మరదలు

*

ఆర్చరీ హాలు
ఏప్రిల్ 24

పరీక్ష వాయిదా పడింది. ఆగస్టులోనట.

నీ బాణాల సంగతి చెబుతాను విను. గురి చూసి కొట్టే బల్లలోంచి బాణం లాగితే గొట్టం చేతిలోకి వస్తోంది, తల బల్లలోనే ఉండిపోతోంది. పన్నెండులో అయిదింటికి తలలు ఊడాయి. మిగతావి ఊగుతున్నాయి. హాలంతా నవ్వింది. పుల్లీల పెద్దమనిషి పటకారు తెచ్చి, నా ఇత్తడి ముక్కలు ఒక్కొక్కటే పీకి నా అరచేతిలో పెట్టాడు, "పిప్పిపన్నులా వచ్చేసిందమ్మా" అంటూ. ఆ మాట నీకే తగలాలి.

నువ్వు రాసింది రాసినట్టు చేశాను. దూది పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడిచాను. కాబట్టి తప్పు జిగురుది, లేదంటే పంపినవాళ్లది. ముప్పై ఏళ్లలో నేను కట్టిన ఒక్క చెక్క బాణానికీ తల ఊడలేదు. పళ్లు అతికించే చేతికి బాణాలేం తెలుస్తాయని ముందే అనుకోవాల్సింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

వదిన

*

పళ్ల ల్యాబు
మే 2

వదినగారికి,

మీ ఉత్తరం అందింది.

పరీక్ష వాయిదా పడిన సంగతి మా క్లబ్బు నోటీసు బోర్డుకి ఇంకా తెలిసినట్టు లేదు. పాపం, అది ఏప్రిల్ ఇరవయ్యో తేదీనే జరిగినట్టు చూపిస్తోంది. మా ఊరి నుంచి వెళ్లినవాళ్లు ముగ్గురు. పాసైనవాళ్ల పేర్లు కూడా వేశారు.

జిగురు మంచిదే. అదే డబ్బాలోంచి తీసి ఇక్కడ నలభై బాణాలకి వాడాను. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత మీకు చెప్పేంతటిదాన్ని కాను. ఊడిన బాణం ఒకటి, ఊడిన తల ఒకటి, ఊగుతున్నది ఒకటి పంపండి. తుడవకుండా, బాగుచేయకుండా, ఉన్నవి ఉన్నట్టు. చూసి చెబుతాను.

పళ్లు అతికించే చెయ్యి

*

హాలు, మెట్ల మీద
మే 9

అమ్మాయ్,

నువ్వు నన్ను "మీరు" అన్నావు. పన్నెండేళ్ల పిల్లవి, రెండు జడలేసుకుని గుమ్మంలో నిలబడి "ఏయ్ వదినా, నువ్వు నా గదిలో పడుకుంటావా?" అని అడిగావు, నేను కాపురానికొచ్చిన రోజు. అప్పటి నుంచి ఒక్కనాడు కూడా మీరు అనలేదు. ఆ ఒక్క ముక్కకి రెండు రోజులు అన్నం సహించలేదు.

పరీక్ష జరిగింది. నేను తప్పాను. మూడువందల అరవై ఒకటి.

మొదటి ఇరవై బాణాలూ బాగానే వెళ్లాయి. ఇరవై ఒకటోది లాగబోతే తల బల్లలో ఉండిపోయింది. పరీక్షాధికారి రాసుకున్నాడు, "వేరే బాణం తీసుకోండి" అన్నాడు. తీసుకున్నాను. దాని తలా ఊడింది. ఆ తర్వాత విల్లు లాగుతున్నప్పుడల్లా, ఇది ఊడుతుందా అని చూసుకోవడమే సరిపోయింది, గురి ఎక్కడ? ఊడకుండా ఊగినవి ఎటు పోయాయో వాటికే తెలియదు. చివరి తొమ్మిదీ నా పాత చెక్క బాణాలతో వేశాను. అవి ఎటూ ఎడమకే పోతాయి, తెలిసే వేశాను.

ఇంట్లో చెప్పలేదు. మీ అన్నయ్య "ఎలా జరిగింది?" అంటే "వాయిదా" అన్నాను. నీకూ అదే రాశాను. ఒక అబద్ధం రెండు చోట్ల పనికొస్తుందని. ఓడిపోవడం కన్నా, ఓడిపోయిందని అందరూ నెమ్మదిగా మాట్లాడటం నేను భరించలేను. "చేసింది చాలు, ఇక కూర్చో" అంటారు. నాకు కూర్చోవాలని లేదు. యాభై ఎనిమిదేళ్లకి కూర్చుంటే మళ్లీ ఎవరూ లేవనివ్వరు.

అడిగినవి పంపుతున్నాను. తుడవలేదు. ఇక ఒక్కటే అవకాశం ఉంది, ఆగస్టు పదిహేడు. నీ చేతిలో పెట్టాను.

నీ వదిన

*

పళ్ల ల్యాబు, కిటికీ పక్క బల్ల
మే 16

వదినా,

ముందు ఇది చదువు. నువ్వు, నువ్వు, నువ్వు. సరిపోయిందా? అన్నం తిను.

ఇక బాణాలు. పళ్ల అంచులు చూసే భూతద్దం కింద పెట్టాను. జిగురు బాగా పట్టింది, నువ్వు తుడిచిన తీరు చూసి ముచ్చటేసింది. కానీ జిగురులో ఒక సన్నని గీత ఉంది, లోపలి నుంచి బయటికి, చీమ నడిచినంత దారి. ఊగుతున్న బాణంలో కూడా అదే గీత. పైగా ఇత్తడి అంచు గొట్టానికి ఆనలేదు, గోరు పట్టేంత సందు. నువ్వు ఆనేదాకా నెట్టకుండా వదిలే మనిషివి కాదు. అంటే నువ్వు నెట్టాక అది తనంతట తానే వెనక్కి వచ్చింది.

ఇలాంటిది నేను చూశాను. పనిలో చేరిన కొత్తల్లో ఒకావిడ పంటికి క్యాపు పెడితే, సిమెంటు ఆరేలోపు అది పైకి లేచింది. లోపల గాలి చిక్కుకుంది. పోవడానికి దారి లేక క్యాపునే నెట్టింది. మా పెద్ద మేస్త్రీ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

అప్పుడు బాణాన్ని తిప్పి తోక వైపు చూశాను. తాడు పట్టే ప్లాస్టిక్ గాడి ముక్క, అదే నాక్, జిగురుతో సీలు వేసినట్టు అతికి ఉంది. వదినా, నువ్వు ముందు నాక్ అతికించి, ఆరాక, తర్వాతే ఇన్సర్ట్ దూర్చావు. అవునా?

అవుననే అంటావు. ఎందుకంటే నాన్న అలాగే నేర్పారు. "తోక ముందు, తల తర్వాత." నీకూ నేర్పారు, నాకూ నేర్పారు. చెక్క బాణానికి అది నూటికి నూరుపాళ్లు నిజం. చెక్క చార చూసుకుని ముందు తోక గాడి నిలబెట్టాలి, ఆ తర్వాతే తల. కానీ చెక్క లోపల గాలి ఉండదు. ఇది బోలు గొట్టం. తోక మూసేసి తల దూరిస్తే లోపలి గాలి ఎక్కడికి పోతుంది? తడి జిగురులోంచి దారి చేసుకుని పోతుంది.

ఇది నీ తప్పు కాదు, నాదే. రాసిన కాగితంలో దూది పుల్ల గురించి రెండు వాక్యాలు రాశాను, నాక్ గురించి ఒక్క ముక్క రాయలేదు. కార్బన్‌కి నాక్ చివర్లో జిగురు లేకుండా ఊరికే నొక్కుతాం. నా చేతికి అలవాటైపోయి, చెప్పాలనే తట్టలేదు. నీ చేతిలో నాన్న అలవాటు ఉంటుందని నాకు కాకపోతే ఎవరికి తట్టాలి?

నా మాట నమ్మకు, నువ్వే చూడు. మిగిలినవాటిలో ఒకదాని తలని వేడినీళ్ల గిన్నెలో ముంచి పట్టుకో. ఏం కనిపించిందో రాయి.

నీ మరదలు

*

ఇల్లు, వంటగది బల్ల
మే 24

అమ్మాయ్,

బుడగలొచ్చాయి! ఇత్తడి అంచు చుట్టూ ముత్యాల్లా బుడగలు, వరుసగా, ఆగకుండా. కాసేపటికి "టప్" మని తల నీళ్లలోకి దూకింది, ఎవరూ లాగకుండానే. నేను అరిచిన అరుపుకి మీ అన్నయ్య వంటగదిలోకి పరిగెత్తుకొచ్చాడు.

చూస్తే ఏముంది, ఆయన టీ గిన్నెలో నా బాణం! దాచడానికి వీల్లేక మొత్తం చెప్పేశాను. మూడువందల అరవై ఒకటి, వాయిదా అబద్ధం, పటకారు, అన్నీ. విని గిన్నెలోంచి నా బాణం పైకి తీసి చూశాడు. తర్వాత "నాకెందుకు చెప్పలేదు? నా నోటికి భయపడ్డావా?" అన్నాడు. "నీ నోటికి ఎప్పుడు భయపడ్డాను? నీ జాలికి భయపడ్డాను" అన్నాను. ఆయన గిన్నె మళ్లీ స్టవ్ మీద పెట్టి, "ఇంకోటి ముంచు, నేనూ చూస్తాను" అన్నాడు. ఇద్దరం కూర్చుని వరుసగా ముంచాం, ఆఖరిదాకా. ఒక్కో తల దూకినప్పుడల్లా చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఇంత నవ్వింది నాకైతే గుర్తులేదు.

సరే, నా కుందేలుకి నాలుగు కాళ్లే. ఒప్పుకున్నాను, ఎక్కడా చదివి వినిపించకు. మామగారు ఉండుంటే ఆయనా ఆ గిన్నె ముందు కూర్చునేవారు. చెప్పిన మాట కన్నా కళ్లతో చూసినదాన్నే నమ్మే మనిషి. మనమే ఆయన మాటని రాతి మీద చెక్కుకున్నాం.

ఇప్పుడు సమస్య తోకది. అతికిన నాకులు ఊడి రావడం లేదు, నా జిగురు అంత ఘనంగా ఉంది. ఏం చెయ్యను? గొట్టాలన్నీ పార్సిల్ చేస్తున్నాను. ఇన్సర్టులు మాత్రం మళ్లీ నేనే పెడతాను. ఇది గర్వం కాదు. నేను తప్పు చేసినచోట నేనే సరిగ్గా చేయాలి.

పళ్లు అతికించే చేతిని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సిగ్గుగా ఉంది.

నీ వదిన

*

పళ్ల ల్యాబు, కిటికీ పక్క బల్ల
జూన్ 15

వదినా,

తోకల దగ్గర అంగుళం చొప్పున కోసేశాను. పళ్లు కోసే చక్రంతోనే, మాస్కు పెట్టుకుని. మా మేస్త్రీ వచ్చి "ఎవరికమ్మా ఇంత పొడుగు పళ్లు?" అన్నాడు. "మా వదినకి, చాలా కొరుకుతుంది" అన్నాను. ఈకలు కూడా పీకి మళ్లీ అతికించాను, పదకొండింటికి. పన్నెండోది బోడిగా వదిలాను, దాంతో గురి చూసుకో.

ఒక్క సంగతి గమనించు. గొట్టం పొట్టిదైతే గట్టిదనం పెరుగుతుంది. కాబట్టి నీ బుద్ధిమంతురాలు తెల్ల దారం ఇక కుదరదు. అప్పుడు కుడికి పోయి తల వాల్చిందే, ఆ డెబ్భై అయిదు గ్రెయిన్ల ఇత్తడే ఇప్పుడు సరిగ్గా నప్పాలి. అవే పంపుతున్నాను. ముందు ఒకటి బోడి బాణానికి పెట్టి వేసి చూడు. ఎడమకి పోతే ఆగి నాకు రాయి. తిన్నగా పోతే మిగతావి అతికించు, వెనక వైపు తెరిచి ఉంచి. నాకు మళ్లీ చెప్పించకు.

అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ ఉత్తరాల మధ్యలో నేనేమీ అడగను కానీ, బాణాల్లో నిజంగా గాలి ఉంటుందా?" అన్నాడు. అరగంట వివరించాను. ఇన్నేళ్లలో మన పని గురించి మొదటిసారి అడిగాడు.

భుజం సంగతి ఈసారైనా నిజం రాయి.

మరదలు

*

హాలు, కేకలు వినిపిస్తున్న గదిలోంచి
ఆగస్టు 17

నా బంగారు మరదలా,

అక్షరాలు సరిగ్గా రాకపోతే ఏమనుకోకు. ఇంటికెళ్లేదాకా ఆగలేక ఇక్కడే రాస్తున్నాను.

నాలుగువందల ఇరవై ఎనిమిది!

మొదటి నుంచి చెబుతాను. జూన్‌లో బోడి బాణం తిన్నగా వెళ్లింది, పది సార్లకి పదిసార్లు. అప్పుడే మిగతా పదకొండింటికీ ఇత్తడి పెట్టాను, తోకలు బార్లా తెరిచి. నెడుతుంటే వెనక నుంచి గాలి నా మణికట్టుకి తగిలింది. సన్నగా, చల్లగా. ఆ గాలి నా పరీక్షని మింగిన గాలి. పోవే తల్లీ, పో అన్నాను. రెండు నెలలు రోజూ వేశాను, ఒక్క తల కదల్లేదు. ఆ సంగతి నీకు రాయలేదు, దిష్టి తగులుతుందని.

భుజం నిజం అడిగావు కదా. నలభై బాణాలు దాటాక నొప్పి మొదలవుతుంది, యాభై దాటాక చెయ్యి నాది కాదనిపిస్తుంది. ఎవరికీ చెప్పలేదు, ఇవాళ నీకే చెబుతున్నాను.

పొద్దున వెళ్లేసరికి మీ అన్నయ్య ముందు కుర్చీలో ఉన్నాడు. "బ్యాంకు పనుంది" అని నాకన్నా ముందే బయల్దేరిన మనిషి! నా పదకొండు మందీ వెనక వరుసలో, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని. పుల్లీల పెద్దమనిషి కూడా వచ్చాడు. జేబులో పటకారు ఉందో లేదో నాకు తెలియదు, ఉంటే ఉండనీ అనుకున్నాను.

మొత్తం ఎంతైందో ఆఖరిదాకా నేను చూసుకోలేదు. చూసుకుంటే చెయ్యి బిగుసుకుంటుంది. యాభై నాలుగు బాణాలయ్యాక మూడింటికి ఆరు, అయిదు, నాలుగు. భుజం జారిపోతోంది. తలప్రాణం తోకకొచ్చింది. చివరి మూడింటికి గీత దగ్గర నిలబడ్డాను. మొదటిది మూడు. వెనక నుంచి ఎవరో "అయ్యో" అన్నారు, నా పదకొండు మందిలో ఉన్న నర్సు గొంతే అనుకుంటా. మీ అన్నయ్య వంక చూశాను. ఆయన మొహంలో జాలి కోసం వెతికాను. లేదు. "వెయ్యి" అన్నాడు, ఇంట్లో కూర కలపమన్నంత మామూలుగా.

వేశాను. తొమ్మిది.

ఆఖరిదానికి నాకు రెండు మార్కులు చాలని నాకు తెలియదు. పది కావాలన్నట్టే లాగాను. నొప్పి ఉంది, ఉండనీ. చప్పుడు లేకుండా వెళ్లింది. పది, నడిబొడ్డున.

పరీక్షాధికారి బాణం లాగబోయాడు. రాలేదు. మోకాలు ఆనించి లాగాడు. బల్ల పొర చించుకుని మొత్తం బాణం, తలతో సహా, ఆయన చేతిలోకి వచ్చింది. ములికి వైపు తిప్పి చూసి, "ఎవరమ్మా ఇది అతికించింది?" అన్నాడు. "నేనే" అన్నాను. "నేర్పింది మా మరదలు. పళ్లు అతికిస్తుంది, ఇవి ఆవిడకి చిన్న పని" అన్నాను. హాలంతా వినేలా అన్నాను. ఏప్రిల్లో నిన్నన్న మాటకి జవాబు, ఎవరి ముందు చెప్పాలో వాళ్ల ముందే చెప్పేశాను.

ఆ తర్వాత ఏం జరిగిందో సరిగ్గా గుర్తులేదు. బేకరీ ఆవిడ నన్ను ఎత్తేయబోయింది, భుజం భుజం అని అరిచాను. మీ అన్నయ్య ఏడుస్తున్నాడు, కళ్లజోడు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ. పుల్లీల పెద్దమనిషి వచ్చి చెయ్యి కలిపాడు. మనిషి మంచివాడేలే, పొట్ట కూటి కోసం కొలుచుకున్నాడు. సోమవారం పొద్దున ఏడింటికి మా వరుసలో క్లాసు ఉంది. ఒక్కరు ఆలస్యమైనా ఊరుకోనని చెప్పాను. పదకొండు మందీ ఒక్కసారే తలూపారు.

ఇప్పుడే ఈ గదిలో కొత్త పట్టా కాగితం నింపించారు. వయసు రాశాను, చిరునామా రాశాను. తర్వాత "వృత్తి" అని ఒక గడి ఉంది. పోయినసారి అక్కడ "పదవీ విరమణ చేసిన గుమాస్తా" అని రాసుకున్నాను, ఇదేదో తీరిక వేళ చేసే పని అన్నట్టు. ఈసారి గుమాస్తా బల్ల మీద ఉన్న పెన్ను తీసుకుని "విలువిద్య గురువు" అని రాశాను. రాస్తుంటే భుజం నుంచి వేళ్ల దాకా నొప్పి లాగింది. అయినా గడి పట్టనంత పెద్ద అక్షరాలతో రాశాను.

నీ వదిన